టీ వంతుల కాగితం

పెల్వర్టన్‌లో ప్రతి నెలా రెండో గురువారం మధ్యాహ్నం రెండు గంటలకు ప్రపంచంలో ఏదో ఒక యుద్ధాన్ని ఆపేస్తారు. మూడున్నరకు టీ ఇస్తారు.

ఇరవై ఏళ్లుగా ఇదే తంతు. ఆపిల్ రైతుల పాత హాలులో మడత కుర్చీలు వేస్తారు. గోడకు తెల్ల దుప్పటి కడతారు. హోబర్ట్ నుంచో, సముద్రం అవతల మెల్‌బోర్న్ నుంచో, ఇంకా దూరం నుంచో ఒక పెద్దమనిషి వచ్చి ఫలానా లోయవాళ్లకూ ఫలానా కొండవాళ్లకూ ఎందుకు పడదో బొమ్మలేసి మరీ చెబుతాడు. మొదలుపెట్టే ముందు ఈ నేల అసలు హక్కుదారులైన ఆదివాసులను తలుచుకుని ఒక మాట చదువుతారు. దానికి ఇరవై సెకన్లు పడుతుంది. ఆ నేల వాళ్ల చేతుల్లోంచి ఎలా పోయిందన్న విషయానికి మాత్రం ఇంతవరకూ ఒక్క గురువారం కూడా దొరకలేదు. దూరపు యుద్ధాలకే తేదీలు చాలడం లేదు మరి.

ఈ శాంతి సభకు కమిటీ ఉంది, అధ్యక్షుడు ఉన్నాడు, ఊరి పత్రికలో అరపేజీ ప్రకటన ఉంది. కానీ సభ నడిచేది థెల్మా ప్రిడో వల్ల. డెబ్బై నాలుగేళ్ల మనిషి. ఊళ్లో సగం మందికి అక్షరాలు దిద్దించిన చిన్నబడి టీచరు. ఆవిడ చేతిలో ఉన్నది ఒక్క టీ వంతుల కాగితమే. ఏ నెల ఎవరు కేకు తేవాలి, ఎవరు పాలు తేవాలి, ఎవరు వంటింట్లో కప్పులు కడగాలి, చివర్లో వక్తకు ఎవరు వందన సమర్పణ చేయాలి, అంతా అందులో ఉంటుంది. ఒకసారి గోడకు అంటించాక ఆ కాగితాన్ని మార్చడానికి పెల్వర్టన్‌లో ఎవరికీ గుండె చాలదు. చచ్చిపోయిన వాళ్లు కూడా ముందుగా కబురు పెడితే బాగుండేదని థెల్మా ఒకటి రెండుసార్లు అనుకుంది.

ఆ కాగితం పని టీ ఒక్కటే కాదు. పద్నాలుగేళ్లుగా అది గ్వెండా హాలమ్‌నీ మెర్ల్ స్టాట్‌నీ ఒక చోట కలవనివ్వకుండా కాపలా కాస్తోంది.

వంటింటి వంతు గ్వెండాకు సరి నెలల్లో, మెర్ల్‌కు బేసి నెలల్లో. గ్వెండా ఎడమ పక్క హీటరు దగ్గర, మెర్ల్ కుడి పక్క కిటికీ దగ్గర. టీ బల్లకు ఈ చివర గ్వెండా స్పాంజి కేకు, ఆ చివర మెర్ల్ సాసేజ్ రోల్స్. మధ్యలో థెల్మా స్వయంగా చేసి తెచ్చే ఖర్జూరం కేకు, సరిహద్దులో నిలబెట్టిన బంటులాగా. రెండు చివర్లా తినేవాళ్లను ఊరు అనుమానంగా చూసేది. సైప్రస్ దీవిలో గీత ఎక్కడుందో, కశ్మీర్‌లో గీత ఎక్కడుందో ఆ హాలులో అందరికీ కంఠతా వచ్చు. తమ టీ బల్ల మీది గీత గురించి మాత్రం ఎవరూ నోరెత్తేవారు కాదు.

గొడవ మొదలైంది ఊరి వ్యవసాయ ప్రదర్శనలో. ఆప్రికాట్ జామ్ పోటీ. ఏటా గ్వెండాకు మొదటి బహుమతి, మెర్ల్‌కు రెండోది, థెల్మాకు మూడోది. వరసగా తొమ్మిదేళ్లు మూడోది. పదో ఏడు పోటీల పెద్ద చేతికి పేరు లేని చీటీ ఒకటి వచ్చింది. గ్వెండా జామ్ గ్వెండా చేసింది కాదని, హోబర్ట్‌లో ఉన్న చెల్లెలు చేసి సీసాలకెత్తి పంపిందని. ఆయన నిబంధనలు తిరగేసి, కళ్లజోడు సర్దుకుని, ఊరంతా చూస్తుండగా గ్వెండా సీసాను బల్ల మీంచి తీసి కింద పెట్టాడు. మెర్ల్ మొదటికి వచ్చింది. లాభపడింది మెర్ల్ గనక చీటీ రాసింది మెర్లేనని గ్వెండా అక్కడే, కోళ్ల గూళ్ల పక్కన నిలబడి, చెప్పాల్సినవన్నీ చెప్పింది. మెర్ల్ కూడా ఏమీ తక్కువ తినలేదు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

చీటీ రాసింది థెల్మా.

చెల్లెలి దగ్గర నుంచి పెట్టెలు దిగడం కళ్లారా చూసింది. చూసిందే రాసింది. అలా అని రాత్రీ పగలూ తనకు తాను చెప్పుకునేది. కానీ ఆ సాయంత్రం రెండో బహుమతి ఎర్ర రిబ్బను చేతిలో పడ్డప్పుడు గుండెల్లో లేచిన సంతోషం ఎలాంటిదో ఆవిడకు తెలుసు. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి. అప్పుడే చెప్పేసి ఉంటే ఒక వారం తిట్లతో పోయేది. చెప్పలేదు. ఇద్దరూ ఒకచోట చేరి, నువ్వు రాయలేదా, నేను రాయలేదే అనుకుంటే మూడో మనిషి కోసం వెతుకుతారు. మూడో మనిషి ఎవరో వెతకడానికి ఆ పోటీలో నాలుగో మనిషే లేదు. అందుకని వాళ్లు ఒకచోట చేరకూడదు. వంతుల కాగితానికి ఆ కాపలా పని అప్పుడు పడింది.

పాపభీతి వల్ల వచ్చిన చాకిరీ మామూలుగా లేదు. మెర్ల్ కళ్ల డాక్టరుకు మూడు నెలలకోసారి హోబర్ట్ వెళ్లాలి, కారు థెల్మాది. గ్వెండా చలికాలం కట్టెలు పేర్చేది థెల్మా, ఊరెళ్తే కుక్కను చూసేది థెల్మా. క్రిస్మస్‌కు ఇద్దరికీ చెరో కేకు, ఒకే బరువు, ఒకే సైజు, తూకం వేసి మరీ. "థెల్మా లాంటి మనిషి ఉండదమ్మా, ఇద్దరు బద్ధశత్రువుల మధ్య ఎవరి పక్షమూ పట్టకుండా నెట్టుకొస్తోంది" అని ఊరు మెచ్చుకునేది. మెచ్చుకున్నప్పుడల్లా ఆవిడ ఇంకో కేకు చేసేది.

అంతా సవ్యంగా సాగుతుండగా అలిస్టర్ బ్రాండ్ వచ్చిపడ్డాడు.

మెల్‌బోర్న్ మనిషి. దేశదేశాల్లో శాంతి ఒప్పందాలు రాయించే కార్యాలయంలో ముప్పై ఏళ్లు పనిచేసి, రిటైరై, నది ఒడ్డున ఇల్లు కొనుక్కున్నాడు. వచ్చిన రెండో ఏటికే అధ్యక్షుడు అయ్యాడు, వేరే ఎవరూ ఒప్పుకోక. జనవరి మీటింగులో లేచి నిలబడ్డాడు.

"మిత్రులారా, ఒక చిన్న విషయం. మన వంతుల కాగితం ఒక్కరి చేతిలో ఉండడం ప్రజాస్వామ్యం అనిపించుకోదు. పేర్లు చీటీల మీద రాసి టోపీలోంచి తీద్దాం. పారదర్శకంగా ఉంటుంది."

"ఇరవై ఏళ్లుగా బాగానే నడుస్తోంది కదండీ" అంది థెల్మా.

"బాగా నడుస్తున్నాయనుకున్న చోటే లోపల నిప్పు ఉంటుంది థెల్మా గారూ. నా అనుభవంలో చూశాను."

చేతులెత్తమన్నాడు. అందరూ ఎత్తారు. గ్వెండా ఎత్తింది, మెర్ల్ ఎత్తింది. థెల్మాకు అదే అర్థం కాలేదు. టోపీ కావలసి వస్తే పక్కనే ఉంది గదా అని థెల్మా గడ్డి టోపీయే తీసుకున్నారు. మొదటి చీటీలు మార్చి నెలకు. వంటింట్లో: గ్వెండా హాలమ్, మెర్ల్ స్టాట్. వందన సమర్పణ: థెల్మా ప్రిడో.

హాలంతా హీటరు వైపూ కిటికీ వైపూ చూసింది. అలిస్టర్‌కు ఏమీ తెలియదు గనక హాయిగా నవ్వుతూ రాసుకున్నాడు.

మర్నాడే థెల్మా గ్వెండా ఇంటికి వెళ్లింది, చేతిలో కేకుతో.

"గ్వెండా, మార్చిలో నీ వంతు నేను చేస్తాలే. నీ మోకాలు అసలే బాగోలేదు."

"మోకాలికేం, నిక్షేపంలా ఉంది. చీటీ చీటీయే కదా."

"కాదే, అక్కడ మెర్ల్..."

"ఉంటే ఉండనీ. కరుస్తుందా?"

మెర్ల్ ఇంటికి వెళ్లింది, ఇంకో కేకుతో. మెర్ల్ కుట్టు మిషను మీంచి తల ఎత్తకుండానే అంది: "మెల్‌బోర్న్ బాబుగారు ముచ్చటపడి తీశాడు చీటీలు. పాపం, ఆయన సరదా ఎందుకు పాడుచేయడం? నువ్వెందుకు ఇంత కంగారుపడుతున్నావు తల్లీ? కడిగేది మేము కదా?"

థెల్మా ఇంటికొచ్చి రెండు నెలలు నిద్రపోలేదు.

మార్చి గురువారం రానే వచ్చింది. వక్త సాలమన్ దీవుల నుంచి వచ్చిన డోర్కస్ లేటావా. బొద్దుగా, పువ్వుల గౌనులో, హాలులో చలికి ఎవరిదో ఉన్ని కోటు అడిగి కప్పుకుని కూర్చుంది. విషయం: తుపాకులు ఆగాక ఇరుగుపొరుగు మళ్లీ ఎలా బతుకుతారు. గోడలో కప్పులు అందించే చెక్క కిటికీ మూసి ఉంది. దాని వెనక వంటింట్లో గ్వెండా, మెర్ల్. ఒంటిగంటన్నరకే లోపలికి వెళ్లారు, మొహమొహాలు చూసుకోకుండా. నెల రోజుల దుమ్ము పట్టిన నలభై కప్పులు కడగాలి, నీళ్లు మరగబెట్టాలి, కేకులు కోయాలి. రెండు గంటల పని.

థెల్మా మొదటి వరసలో కూర్చుంది, వందన సమర్పణ ఆవిడదే గనక. మొహం వక్త వైపు, చెవులు కిటికీ వైపు.

"మా పక్కన కొన్ని ఊళ్లలో" అంటోంది డోర్కస్, "తప్పు చేసినవాడు అందరి ముందూ నిలబడి చెప్పుకోవాలి. ఆ తర్వాత గవ్వల దండలు, పంది, భోజనం..."

వంటింట్లో కప్పు మీద కప్పు టంగుమంది. ఇంకా మాటల్లేవు. బాగానే ఉంది.

"ఇల్లు తగలబెట్టినవాడు నెల తిరక్కుండా వచ్చి చెప్పుకున్నాడు. ఆ ఇంటికి దారి చూపించినవాడు మాత్రం తొమ్మిదేళ్లు రాలేదు. చిన్న తప్పు చేసినవాళ్లే ఎక్కువ కాలం దాక్కుంటారు. తమది చెప్పుకోవలసినంత పెద్దది కాదని."

థెల్మా చేతిసంచీ గట్టిగా పట్టుకుంది. వంటింట్లో ఏదో పగిలింది. తర్వాత ఒక నవ్వు వినిపించింది. దాని మీద ఇంకో నవ్వు. పద్నాలుగేళ్లుగా ఆ రెండు నవ్వులు ఒక గదిలో ఎవరూ వినలేదు. వెనక వరసల్లో మెడలు తిరిగాయి.

అయిపోయింది, అనుకుంది థెల్మా. తెలిసిపోయింది. వాళ్ల నోటి నుంచి వినడం కంటే తానే చెప్పడం మేలని, వక్త మాట మధ్యలో ఉండగానే లేచింది. ఇరవై ఏళ్లలో ఆ సభలో మధ్యలో లేచి వెళ్లింది ఒక్కడే, అతనికి గుండెపోటు వచ్చింది.

వంటింటి తలుపు తోసింది. మెర్ల్ తొట్టి దగ్గర కప్పులు కడుగుతోంది. చూడకుండానే చెయ్యి పక్కకు చాపుతోంది, గ్వెండా చూడకుండానే అందుకుని తుడుస్తోంది. నేల మీద పగిలిన సాసరు ముక్కలు.

"ఆ చీటీ రాసింది నేనే" అంది థెల్మా. "మెర్ల్ కాదు. నేను. అసూయతో రాశాను. నన్ను తిట్టండి, కొట్టండి, ఏమన్నా చేయండి."

మెర్ల్ కుళాయి కట్టేసింది. గోడ గడియారం వైపు చూసింది.

"చూశావా? చచ్చేదాకా చెప్పదన్నావు, ఇవాళ టీ లోపే చెబుతుందన్నాను. పందెం నాది."

"నీదేలే" అంది గ్వెండా. "నువ్వే గెలిచావు."

థెల్మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మీకు... తెలుసా?"

గ్వెండా చేతులు తుడుచుకుని, ఏప్రన్ జేబులోంచి మడతలు పడిన కాగితం తీసింది. "ఆరేళ్ల కిందట ఆ పోటీల పెద్ద పోయాక ఆయన పెళ్లాం బల్ల సొరుగు ఖాళీ చేస్తుంటే దొరికిందట. నాకు తెచ్చి ఇచ్చింది. అచ్చు అక్షరాల్లో రాశావు, చెయ్యి గుర్తుపట్టకుండా. తెలివైన పనే. వెనక్కి తిప్పు."

థెల్మా తిప్పింది. ఆగస్టు నెల. స్కోన్ బన్నులు: మెర్ల్. పాలు: గ్వెండా. కప్పులు: ప్రిడో. కింద ఆవిడ చిన్నబడి గుండ్రటి చేతిరాతలో: "దయచేసి తువ్వాళ్లు ఎవరివి వారు తెచ్చుకోవలెను."

కాగితం పారేయడమంటే థెల్మాకు ప్రాణం పోయినట్టు. ఒకవైపు ఖాళీగా ఉన్న ఏ ముక్కా ఆవిడ ఇంట్లోంచి చెత్తబుట్టకు పోయింది లేదు. ఊరి పిల్లలకు ముప్పై ఏళ్లు అదే నేర్పింది.

"అది చూడగానే దీన్ని పిలిచాను" అంది గ్వెండా. "వెనక పొలం గట్టు మీంచి వచ్చింది. ఇద్దరం రెండు గంటలు నవ్వాం. అప్పటి నుంచి మంగళవారం మంగళవారం మా ఇంట్లో పేకాట."

"మరి సభలో? ఆరేళ్లు? ఆ మొహాలు తిప్పుకోవడం..."

"నువ్వంత కష్టపడి కుర్చీలు విడదీసి వేస్తుంటే మాకు మాత్రం మనసెలా ఒప్పుతుంది?" అంది మెర్ల్. "పైగా రాజీ పడ్డామని తెలిస్తే నన్ను హోబర్ట్ ఎవరు తీసుకెళ్తారు?"

"నా కట్టెలు ఎవరు పేరుస్తారు?" అంది గ్వెండా.

థెల్మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వబోయింది. అప్పుడు గ్వెండా మొహంలో వెటకారం పోయింది.

"ఆరు క్రిస్మస్‌లు థెల్మా. కేకు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేదానివి. ఇవాళ చెబుతుంది అనుకునేదాన్ని. వాన గురించి మాట్లాడి వెళ్లిపోయేదానివి. కోపం మొదటేడే పోయింది. ఆ తర్వాత నువ్వంటే జాలేసేది. జాలిపడడం కూడా విసుగొచ్చేసింది నాకు."

థెల్మా తల దించుకుంది. కన్నీళ్లు జారి ఆగస్టు నెల మీద పడ్డాయి.

"ఇంకో మాట. మా చెల్లి పంపింది ఖాళీ సీసాలు. జామ్ నేనే చేశాను. తొమ్మిది కుంపట్ల వేడిలో నిలబడ్డట్టు మండు వేసవిలో నేనే చేశాను. నన్ను ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని."

అదే సమయానికి చెక్క కిటికీ పైకి లేచి అలిస్టర్ తల లోపలికి వచ్చింది. "థెల్మా గారూ, వందన సమర్పణ! అందరూ ఎదురు..." అని ఆగాడు. ఒకే తొట్టి దగ్గర నిలబడ్డ గ్వెండానీ మెర్ల్‌నీ చూశాడు. ఈ రెండు నెలల్లో ఎవరో పుణ్యాత్ములు ఆయనకు ఊరి చరిత్ర చెప్పినట్టున్నారు. కళ్లు మెరిశాయి. వెనక్కి తిరిగి హాలంతా వినపడేలా అన్నాడు: "మిత్రులారా! పద్నాలుగేళ్ల ప్రతిష్టంభన! ఒక్క టోపీతో, గంటన్నరలో! వచ్చే నెల నేనే ప్రసంగిస్తాను, ఇదే విషయం మీద!"

హాలు చప్పట్లు కొట్టింది. థెల్మా కళ్లు తుడుచుకుని కాగితం గ్వెండాకు ఇవ్వబోయింది. గ్వెండా తీసుకోలేదు.

"నాకు చెప్పావు, బాగానే ఉంది. కానీ ఆ రోజు నా సీసాను బల్ల మీంచి దించింది వంటింట్లో కాదు."

థెల్మాకు అర్థమైంది. ఊరు మెచ్చుకునే మనిషిగా తనకు మిగిలింది వేదిక దాకా పదిహేను అడుగులు. నడిచింది.

"డోర్కస్ గారికి ధన్యవాదాలు" అంది. "చాలా దూరం నుంచి వచ్చారు. నేను సగమే విన్నాను, క్షమించాలి. ఆ సగమూ నా గురించే అనిపించింది." కాగితం విప్పి పట్టుకుంది. "గ్వెండా ఆప్రికాట్ జామ్ గ్వెండాయే చేసింది. కాదని చీటీ రాసింది నేను. రెండో బహుమతి కోసం. పద్నాలుగేళ్లు మీ అందరి చేతా మంచిదాన్ననిపించుకున్నాను. ఆ చీటీ ఇదిగో."

అలిస్టర్ అలవాటు కొద్దీ ప్రతి నెలా అనే మాటే అనేశాడు: "ప్రశ్నలేమైనా ఉన్నాయా? దయచేసి ఉపన్యాసాలు వద్దు."

ఇరవై ఏళ్లలో ఆ హాలులో ప్రశ్నలు అడిగినవాళ్లు నెలకు ఇద్దరు, అదీ మైకు పనిచేస్తోందా అని. ఇప్పుడు ముప్పై ఒక్క చేతులు లేచాయి. డోర్కస్ చెయ్యి అన్నిటికంటే ఎత్తున ఉంది. "పంది ఎప్పుడు?" అని అడిగింది ఆవిడ, చాలా మర్యాదగా.

టీ నాలుగున్నరకు గానీ మొదలవలేదు. జనం బల్లకు రెండు చివర్లా తిన్నారు, భయం లేకుండా, పద్నాలుగేళ్ల బాకీ తీర్చుకున్నట్టు. థెల్మా చుట్టూ మాత్రం ఖాళీ ఏర్పడింది. ఎవరూ తిట్టలేదు. పెల్వర్టన్‌లో తిట్టరు, కొంచెం పక్కకు జరుగుతారు. ఆవిడ ఎంగిలి కప్పులు పళ్లెంలో పేర్చుకుని వంటింట్లోకి వెళ్లి, చేతులు మోచేతుల దాకా ముంచి, ఒక్కతే కడగడం మొదలుపెట్టింది. వంతు ఆవిడది కాదు.

పదో కప్పో పన్నెండో కప్పో కడుగుతుండగా పక్కకు చాపిన చేతిలోంచి ఎవరో కప్పు అందుకున్నారు. గ్వెండా. తువ్వాలు భుజం మీద వేసుకుని ఉంది. కప్పు తుడిచి పక్కన పెట్టింది.

"నీ ఖర్జూరం కేకు ఎవరూ ముట్టలేదు" అంది.

"తెలుసు."

"నేనొక ముక్క తిన్నాను. మధ్యలో పచ్చిగా ఉంది. ఎప్పుడూ అంతే, నీ జామూ అంతే. తొమ్మిదేళ్లు మూడో బహుమతి ఊరికే రాలేదు నీకు."

ఇంకో రోజైతే థెల్మా పొయ్యి మీదో, పిండి మీదో నెపం పెట్టేది. నోటిదాకా వచ్చింది కూడా.

"తొందరపడి దించేస్తాను" అంది. "నిజమే."

గ్వెండా ఇంకో కప్పు కోసం చెయ్యి చాపింది.